పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కానుకల కవరు ముట్టిన కొడుకును ఏం చేయాలి?

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఎంచుకున్నాము. నాలుగూ పిల్లల పెంపకానికి సంబంధించినవే. రాసినవారిని ఇరుగుపొరుగు గుర్తుపట్టకుండా వారి పేర్లు, సొంత పల్లెల పేర్లు తీసివేసి, ఉత్తరాలను కొంత కుదించాము.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది టంగుటూరు దగ్గర పల్లెటూరు, కౌలుకు పొగాకు వేస్తాము. మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. బైబిల్లో పెట్టుకున్న కానుకల కవరులోంచి ఐదు వందలు తీసి ఫోనులో ఆటకు కట్టేశాడు. అడిగితే మూడు రోజులు నాకు తెలియదనే అన్నాడు. సంగతి బయటపడ్డాక మా ఆయన వాణ్ణి ‘ఆకాను’ (బైబిల్లో దేవుని సొమ్ము దొంగిలించి, రాళ్ల దెబ్బలతో చంపబడినవాడు) అని తిట్టి, బెల్టుతో కొట్టారు. వీపంతా వాతలు తేలింది. నేను అడ్డం వెళితే ‘బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి’ అనే వాక్యం చూపించారు. మా తాత ఒంగోలు మిషన్ బోర్డింగులో దెబ్బలు తినే పంతులయ్యాడని కూడా అంటారు. నాకు దిక్కుతోచక శుక్రవారం కూడికలో వాడి కోసం ప్రార్థన అంశం చెప్పాను. ఆనాటి నుంచి వాడు మందిరానికి రానంటున్నాడు. దేవుని సొమ్ము తీసినవాణ్ణి కొట్టకుండా ఎలా దిద్దుకోవాలి? – ఒక సహోదరి

జవాబు: సహోదరీ, మీ ఉత్తరంలో అబ్బాయి చేసిన తప్పు ఒకటి, మీ వారు కొట్టిన దెబ్బలు ఒకటి, మీరు చెప్పిన ప్రార్థన అంశం ఒకటి ఉన్నాయి. మీరు మొదటి దాని గురించే అడిగారు గాని, వాణ్ణి మందిరానికి దూరం చేసింది మూడోదేనని నాకు అనిపిస్తున్నది. కనుక ముందు దాని గురించే చెబుతాను.

మన కూడికలు ఎలా జరుగుతాయో మనందరికీ తెలుసు. చాపల మీద ఆడవాళ్లు, గడప దగ్గర చెప్పుల పక్కన పిల్లలు కూర్చుంటారు. పాట అయ్యాక అంశాలు చెప్పమంటారు. ఒకరు మోకాళ్ల నొప్పులని, ఒకరు బిడ్డ పెళ్లి అని చెప్పిన తరువాత, ‘అక్కా, మా వాడి మనసు మారాలని ప్రార్థన చేయండి, దేవుని డబ్బే ముట్టుకున్నాడు’ అని తల్లి అనగానే అన్ని తలలూ గడప వైపు తిరుగుతాయి. ఆమేన్ అయ్యాక ఎవరో ఒక పెద్దామె వాడి నెత్తి మీద చెయ్యి వేసి, ‘అలా చేయకూడదు నాయనా’ అంటుంది. ఆమె ఉద్దేశం మంచిదే. అయితే సోమవారం నాటికి ఆ సంగతి బడిలో వాడి బెంచీ దాకా చేరుతుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ గడప మళ్లీ తొక్కాలంటే ఎంత కష్టమో ఆలోచించండి.

ఒక సహోదరుడు తప్పు చేస్తే ‘నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు’ గద్దించమని ప్రభువు మత్తయి సువార్త 18వ అధ్యాయంలో చెప్పాడు. సంఘ పెద్దల విషయంలో ఆ మాటను మనం జాగ్రత్తగానే పాటిస్తాము, కమిటీలో గొడవ వస్తే బయటకు పొక్కనివ్వము. ఆపాటి మర్యాద కన్నబిడ్డకు ఎందుకు దక్కదో నాకు అర్థం కాదు. మీ భారం ఎవరితోనైనా పంచుకోవలసిందే అనుకుంటే పాస్టరమ్మగారితోనో, నోరు జారని ఒక పెద్దావిడతోనో విడిగా చెప్పుకోండి. అందరి ముందు ‘ఒక కుటుంబ విషయం’ అంటే చాలు, దేవునికి వివరాలు తెలుసు.

ఇక బెత్తం సంగతి. సామెతలు 13:24 బైబిల్లో లేదనీ, ఉన్నా పట్టించుకోనక్కరలేదనీ నేను చెప్పను. ‘బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి, కుమారుని ప్రేమించువాడు వానిని శిక్షించును’ అని అక్కడ ఉన్నది. అయితే అదే గ్రంథం 19వ అధ్యాయంలో, బుద్ధి వచ్చునని కుమారుని శిక్షింపుమని చెప్పిన నోటితోనే, వాడు చావవలెనని కోరవద్దని తండ్రి కోపానికి హద్దు గీసింది. పౌలు ఎఫెసీయులకు రాస్తూ ‘తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక’ అన్నాడు, కొలొస్సయులకు రాస్తూ పిల్లల మనస్సు క్రుంగకుండా చూసుకొమ్మన్నాడు. ఆ రెండు చోట్లా హెచ్చరిక తండ్రులకే గాని పిల్లలకు కాదు. మన ఇళ్లలో మొదటి వాక్యం కంఠస్థం, మిగిలినవి అడిగితే పేజీలు తిప్పవలసి వస్తుంది. ‘దండం దశగుణం భవేత్’ అనే మాటను కూడా సామెతల గ్రంథంలో కలిపి చదువుకునేవారిని నేను చూశాను!

పిల్లలను అదుపులో పెట్టని తండ్రులను బైబిలు మెచ్చుకోదన్నది నిజమే. యాజకుడైన ఏలీ తన కుమారుల పాపం తెలిసి కూడా వారిని ఆపలేదు. దావీదు విషయం మరీ ఆలోచించదగినది. అతని కొడుకు అదోనీయా తనంతట తానే రాజునవుతానని రథాలను, గుర్రపు రౌతులను సిద్ధం చేసుకొన్న సందర్భంలో, నీవు ఎందుకు ఇలా చేస్తున్నావని అతని తండ్రి ఎన్నడూ అడగలేదని 1 రాజులు 1:6 చెబుతున్నది. కొట్టలేదని కాదు, అడగలేదని. దేవుడైతే ఏదెనులో ‘నీవు ఎక్కడ ఉన్నావు?’ అని ఆదామును అడిగాడు, ‘నీకు కోపమేల?’ అని కయీనును అడిగాడు, అలిగి కూర్చున్న యోనాను, గుహలో దాక్కున్న ఏలీయాను కూడా అడిగాడు. జవాబు తెలియక అడిగినవి కావు అవి. ఎదుటివాడు తన నోటితో తన స్థితిని చెప్పుకోవడానికి ఇచ్చిన అవకాశాలు. మీ వారు మూడు రోజులు ‘తీశావా, లేదా?’ అని అడిగారు గాని, ‘ఎందుకు తీయవలసి వచ్చింది?’ అని అడిగినట్లు మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. ఆటలో ఓడిపోతే స్నేహితులు ఎగతాళి చేస్తున్నారా, ఎవరి దగ్గరైనా అప్పు పడ్డాడా, మరెవరైనా కట్టమని ఒత్తిడి పెడుతున్నారా అన్నది తెలియకుండా శిక్ష వేస్తే కారణం అలాగే మిగిలి ఉంటుంది.

బెల్టు మాత్రం ఆ ఇంట్లో మళ్లీ చేతికి రాకూడదు. ఈ విషయంలో మీ వారి మనసు నొచ్చుకుంటుందని మెత్తగా చెప్పలేను. ఒంటి మీద వాతలు తేలేలా కొట్టడం శిక్షణ కాదు, కోపం తీర్చుకోవడం. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో పంతుళ్లు పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇంటి మాట వేరనుకుంటారేమో, 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం, బిడ్డ బాధ్యత తమ చేతిలో ఉన్నవారే అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగేలా దాడి చేస్తే మూడేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మీ వారిని జైలుకు పంపాలని ఇది చెప్పడం లేదు. ఇంకోసారి అదే జరిగితే ‘ఇంటి గుట్టు’ అని ఊరుకోకుండా పాస్టరు గారిని పిలిపించండి, ఆయన మాటా వినకపోతే పిల్లల సహాయ నంబరు 1098 ఉన్నది.

తాతగారి ముచ్చట గురించి ఒక మాట. ఆ బోర్డింగుల్లో గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, మధ్యలో బెత్తం దెబ్బలు ఉండేవన్నది మన పెద్దలందరూ చెప్పేదే. కాని తాతగారిని పంతులును చేసింది బెత్తమేనా? అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలుకు వచ్చిన కొద్దికాలానికే, మాదిగలు బాప్తిస్మం పొందుతున్నారని తెలిసి పై కులాల పిల్లలు ఆయన బడి మానేశారు. ఆయన మాత్రం వచ్చినవారిని తిప్పి పంపలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు, వారి పిల్లలకు, మనవలకు మిషన్ బడులలో పలకా బలపం చేతికి వచ్చాయి. అప్పటిదాకా ఏ అరుగూ ఎక్కనివ్వని పిల్లవాణ్ణి ‘రా, కూర్చో, నీవు చదవగలవు’ అని పిలిచిన పిలుపే తాతగారిని పంతులును చేసింది. ఆ దెబ్బలే తిని మధ్యలో పారిపోయినవారు కూడా ఉండే ఉంటారు, వారి ముచ్చట్లు చెప్పుకునే మనవలు మాత్రం మనకు కనబడరు.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. దొంగతనం దొంగతనమే, దాన్ని ఊరికే వదలకూడదు. తప్పు చేసి పశ్చాత్తాపపడిన జక్కయ్య కన్నీళ్లతో సరిపెట్టుకోలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మీ అబ్బాయి కూడా ఐదు వందలు తిరిగి పెట్టాలి. వాడికి వారానికి యాభై రూపాయలు చేతిఖర్చు ఇస్తున్నారనుకుంటే, పది వారాలు ఆ యాభై వాడే తన చేతులతో కవరులో పెట్టాలి. మీరు పక్కన నిలబడి లెక్కపెట్టవద్దు, నడుమ నడుమ దెప్పవద్దు, ‘ఆకాను’ అనే పేరు ఇంట్లో మళ్లీ వినబడకూడదు. ఆకానుకు రాళ్ల కుప్ప మిగిలింది, మీ వాడు ఇంకా మీ ఇంట్లో అన్నం తింటున్నాడు.

సొమ్ము రాబట్టడానికి వాణ్ణి పొగాకు పనిలో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. పచ్చాకు కొట్టేటప్పుడు, కర్రలకు కట్టేటప్పుడు ఆకు తడి చేతులకు అంటితే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి, తలతిరుగుడు, వాంతులు వస్తాయని ఆ పని చేసేవారికి నేను చెప్పనక్కరలేదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ మంట దగ్గర రాత్రి కాపలా కూడా పిల్లవాడి శిక్షకు తగిన చోటు కాదు.

ఫోన్లు రాత్రి తొమ్మిదికల్లా నడవాలో ఒకచోట పెట్టాలనే నియమం పెట్టండి, అయితే మీ ఇద్దరి ఫోన్లు కూడా అక్కడే ఉండాలి. మీ వారు వాణ్ణి ఒంటరిగా పొలానికి తీసుకొని వెళ్లి, ‘నువ్వు చేసింది తప్పు, నేను అలా కొట్టడం కూడా తప్పే’ అని చెప్పగలిగితే మీ పని సగం అయిపోయినట్లే. తండ్రి అలా చెబితే పిల్లలు నెత్తికెక్కుతారని మన వాళ్లకు ఒక భయం ఉన్నది, నాకు ఆ భయం లేదు. పది వారాలు పూర్తయిన ఆదివారం ఆ కవరును కానుకల సంచిలో వేసే పని వాడికే అప్పగించండి. అప్పటిదాకా మందిరానికి రమ్మని బలవంతపెట్టవద్దు, మీరు వెళ్లేటప్పుడు ‘వస్తావా నాన్నా?’ అని మాత్రం అడగండి.

ప్రశ్న: నాకు అరవై రెండేళ్లు. కావలి దగ్గర ఉంటాను. కొడుకు, కోడలు బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తూ తొమ్మిదేళ్ల మనవణ్ణి, ఆరేళ్ల మనవరాలిని నా దగ్గర ఉంచారు. నేను గారాబం చేసి చెడగొడుతున్నానని కోడలు అంటుంది. రాత్రి వీడియో కాల్‌లో పిల్లలను వరసగా నిలబెట్టి పగలు జరిగినవన్నీ చెప్పమంటుంది. చెబితే పిల్లలు నా మీద అలుగుతారు, చెప్పకపోతే కోడలు అలుగుతుంది. ఏం చేయమంటారు? – ఒక నాయనమ్మ

జవాబు: అమ్మా, రాత్రి కాల్‌ను కోర్టుగా మార్చవద్దని మీ కొడుకుతో చెప్పండి. కోడలితో చెబితే అత్త మాటవుతుంది, కొడుకుతో చెబితే సంసారంలో మాటవుతుంది. ఆరేళ్ల పిల్లకు ఉదయం చేసిన అల్లరి రాత్రికి గుర్తు కూడా ఉండదు. ఎనిమిది గంటల తరువాత, మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం నుంచి వేసే శిక్షలో ఆ పిల్లకు అర్థమయ్యేది అమ్మ కోపం ఒక్కటే. ఏ తప్పు అక్కడికక్కడే, ఆ ఇంట్లో ఉన్న పెద్దవారే సరిచేయాలి. ఆ అధికారం కొడుకు, కోడలు మీకు పూర్తిగా ఇవ్వాలి, మీరు కూడా ‘మీ అమ్మకు చెబుతానుండు’ అని ఆ అధికారాన్ని ఫోనులోకి నెట్టకూడదు. రోజూ మీరు అనే ఆ ఒక్క మాటే కోడలిని పిల్లలకు బూచిని చేస్తున్నది.

ముగ్గురూ కూర్చొని ఇంటికి మూడో నాలుగో నియమాలు రాసుకోండి: పడుకునే వేళ, టీవీ వేళ, కొట్టుకోకూడదు, అబద్ధం ఆడకూడదు. అంతకు మించి వద్దు. వాటిలో గారాబానికి చోటు లేదు, మిగిలిన వాటిలో మీ ఇష్టం. మనవడికి ఇంకొక నెయ్యి చుక్క వేస్తే ఎవరూ చెడిపోరు. పౌలు తిమోతికి రాసేటప్పుడు, అతనిలోని నిష్కపటమైన విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉండినదని గుర్తు చేశాడు. అవ్వ పేరు ముందు వచ్చింది, తల్లి పేరు కూడా వచ్చింది. రాత్రి కాల్‌లో పిల్లలు చేసిన ఒక మంచి పని మీరు చెప్పండి, కోడలు దాని గురించే అడగాలి.

ప్రశ్న: సండే స్కూలు కంఠత వాక్యాలకు మా పాపకు వాక్యానికి పది రూపాయలు ఇస్తున్నాము. ఇప్పుడు డబ్బు చూపించనిదే బైబిలు తెరవడం లేదు. ఆపేయాలా? – ఒక తండ్రి

జవాబు: ఆపేయండి, ఒక్కసారిగానే. నాలుగు రోజులు అలుగుతుంది, ఆ తరువాత సర్దుకుంటుంది. మే నెలలో సెలవుల బైబిలు పాఠశాలలో పిల్లలకు పెన్నులు, బాక్సులు బహుమతులుగా ఇవ్వడంలో తప్పేమీ లేదు, అది పండుగ లాంటిది, ఏడాదికొకసారి వస్తుంది. ఇంట్లో రోజూ వాక్యానికి ధర కట్టడం వేరు. బదులుగా ఆ వాక్యాన్ని మీరు కూడా ఆ వారం కంఠతా పట్టి, శనివారం రాత్రి పాపకు అప్పజెప్పండి, మీ తప్పులు ఆమెను దిద్దనివ్వండి. పది రూపాయలకు రాని ఉత్సాహం నాన్న తప్పులు పట్టుకోవడంలో వస్తుంది.

ప్రశ్న: నేను చీమకుర్తి వైపు గ్రానైటు క్వారీలో పని చేస్తాను. మా అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నది. పదో తరగతిలో 600కు 560 దాటి తెచ్చుకున్న పిల్ల, ఇప్పుడు వారం పరీక్షల్లో వెనుకబడుతున్నది. ఫోను చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తుంది. నీ ఫీజు కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చానని చాలాసార్లు చెప్పాను. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు దైవజనుల చేత గట్టిగా బుద్ధి చెప్పించి, మూడు రోజులు ఉపవాస ప్రార్థనలో పెట్టాలనుకుంటున్నాను. సరేనా? – ఒక సహోదరుడు

జవాబు: సహోదరా, వద్దు. మీ ప్రేమను నేను శంకించడం లేదు. రాళ్ల దుమ్ములో పనిచేస్తూ నెలనెలా వడ్డీ కడుతున్న తండ్రికి మార్కుల మీద ధ్యాస ఉండడం సహజమే. కాని మీ అమ్మాయి చదవకపోవడం వల్ల వెనుకబడుతున్నదని మీకు ఎవరు చెప్పారు? తెల్లవారక ముందే లేపి, రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే హాస్టళ్లలో, నిద్ర చాలక చదివినది నిలవని పిల్లలే ఎక్కువ.

ఏలీయా బదరీ వృక్షం కింద పడుకొని ‘నా ప్రాణం తీసుకో’ అన్నప్పుడు దేవుడు ఏం చేశాడో 1 రాజులు 19వ అధ్యాయం ఒకసారి నిదానంగా చదవండి. దేవదూత వచ్చి అతణ్ణి తట్టి లేపి, రొట్టె, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది’ అని చెప్పి మళ్లీ భోజనమే పెట్టాడు. ప్రశ్న వేసింది నలభై రోజుల తరువాత, హోరేబులో. అలసిపోయిన ప్రవక్తకే దేవుడు ఉపవాసం పెట్టలేదు, మీ పదిహేడేళ్ల పిల్లకు మీరెందుకు పెట్టాలి?

ప్రార్థన శిక్ష కాకూడదు. సెలవుల్లో మూడు రోజులు మోకాళ్ల మీద నిలబెట్టి మార్కుల గురించి దైవజనుల చేత చెప్పిస్తే, ఆ పిల్ల మనసులో దేవుడు కూడా మార్కులు అడిగేవారి పక్షాన చేరిపోతాడు. పాస్టరు గారు మీ ఇంటికి రావాలనుకుంటే భోజనానికి పిలవండి, చదువు ప్రస్తావన రానివ్వవద్దని ముందే చెప్పి ఉంచండి.

సంక్రాంతి దాకా ఆగవద్దు. వచ్చే ఆదివారం బయటి అనుమతి ఉంటే మీ ఇంటామెను కూడా వెంటబెట్టుకొని నెల్లూరు వెళ్లండి. చేపల పులుసు కట్టుకొని వెళ్లండి. తిన్నావా, నిద్ర పడుతున్నదా, గదిలో పిల్లలు ఎలా ఉన్నారు అని అడగండి, మార్కుల కాగితం ఆ పిల్లే తీస్తే తప్ప మీరు అడగవద్దు. ఏదైనా చిన్న మంచి కనబడితే దాన్ని పేరుపెట్టి చెప్పండి. ‘మా తల్లి బంగారం’ అనే మాటకు ఆ వయసు పిల్లలు లొంగరు గాని, ‘ఇంగ్లీషులో నీ రాత చక్కగా ఉన్నదమ్మా, మీ లెక్చరర్ కూడా అన్నారు’ అంటే వింటారు. మీ మేనకోడలితోనో, పక్కింటి పిల్లతోనో పోల్చి చెప్పే మాట ఒక్కటి కూడా రానివ్వవద్దు. యాకోబు ఒక కొడుకుకే రంగుల అంగీ కుట్టించి మిగిలినవారిలో ఎంత ద్వేషం రేపాడో మీకు తెలుసు.

మాట్లాడేటప్పుడు పిల్ల కళ్లు, ఒళ్లు గమనించండి. అన్నం సహించడం లేదన్నా, నిద్ర లేదన్నా, ‘నేను లేకపోతే మీకు అప్పు తీరుతుంది’ లాంటి మాట ఏదైనా నోటి వెంట వచ్చినా ఆ రోజే వెంట తీసుకొని ఇంటికి రండి, ఏడాది పోయినా పరవాలేదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. డాక్టరు దగ్గరకు వెళ్లడం విశ్వాసం తక్కువై కాదు. ఒంగోలులో మన మిషన్ క్లౌ దొర పేరుతో ఆసుపత్రి కట్టింది కూడా ప్రార్థన మానేసి కాదు.

అప్పు విషయం అమ్మాయికి తెలియకూడదని నేను అనను, ఇంటి స్థితి పిల్లలకు తెలియాలి. కాని పరీక్షలకు ముందు ఫోనులో కాదు. మార్చిలో పరీక్షలు అయ్యాక ఇంటికి వచ్చినప్పుడు అసలు ఎంత, వడ్డీ ఎంత, మీ జీతంలో నెలకు ఎంత పోతున్నది అన్నది ఒక కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టండి. అది ఎలా తీర్చాలో ఆమెను కూడా అడగండి.